తొమ్మిది రోజులుగా ఒక్క బగ్ కూడా రాలేదు, ఇంక టెస్టింగ్ ఆపేయొచ్చా అక్కా?

ప్రశ్న:

అక్కా నమస్తే. నేను విజయవాడలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని, ఏడేళ్ల అనుభవం ఉంది. పాల సేకరణ కేంద్రాల్లో పెట్టే మెషిన్‌కి సాఫ్ట్‌వేర్ చేస్తాం మేము. రైతు పాలు పోస్తాడు, అది తూకం, వెన్న శాతం, వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ చదివి రేటు కట్టి స్లిప్ కొడుతుంది. సెంటర్‌కి పూటకి సగటున వంద మంది పోస్తారు. కొత్త వెర్షన్ ఆరు వారాలు టెస్ట్ చేశాం, వారం వారం దొరికిన బగ్స్ 96, 81, 58, 39, 27, 11. మొత్తం 312, అన్నీ క్లోజ్ అయ్యాయి. ఆ తర్వాత తొమ్మిది రోజులుగా సున్నా. మధ్యలో ఇద్దర్ని వేరే ప్రాజెక్ట్‌కి లాగేశారు, ఇప్పుడు నేనూ ఇంకో అబ్బాయీ మాత్రమే ఉన్నాం. క్లయింట్ అడిగాడని పోయిన శుక్రవారం రేట్ చార్ట్‌లో చిన్న మార్పు ఒకటి వెళ్లింది. మా మేనేజర్ గారు సైన్-ఆఫ్ ఇచ్చెయ్యమ్మా, సోమవారం 1,100 సెంటర్లకి పంపేద్దాం అంటున్నారు. నా భయం ఏంటంటే పోయినేడు నేను సైన్ చేసిన వెర్షన్‌లో ఒక రైతు స్లిప్ మీద ముందు రైతు వెన్న శాతం పడింది, మూడు వారాలకి గానీ బయటపడలేదు, ఆఫీసులో ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. ఎన్ని రోజులు సున్నా వస్తే ఆపేయొచ్చు? దీనికేమైనా ఫార్ములా ఉందా? లేక నాది ఒట్టి భయమేనా?

– పేరు వద్దు, విజయవాడ

సమాధానం:

చెల్లీ, చివరి ప్రశ్న ముందు చెప్పేస్తా. ఒట్టి భయం కాదు. అలాగని ఇంకో నెల కూర్చుని టెస్ట్ చెయ్యమని కూడా నేను అనను. సోమవారం 1,100 సెంటర్లకి మాత్రం సంతకం పెట్టకు, ముప్ఫై సెంటర్లకి పెట్టు. ఎందుకు ముప్ఫై, ఎన్ని రోజులు, ఆ తర్వాత ఏంటి అన్నది లెక్కతో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు ఆ తొమ్మిది రోజుల సున్నా సంగతి చూద్దాం. 96, 81, 58, 39, 27, 11. చూడ్డానికి ముచ్చటైన వరస, ఏ మేనేజర్‌కైనా స్లైడ్‌లో పెట్టుకోవాలనిపిస్తుంది. ఇలా దిగుతున్న వరసని పట్టుకుని లోపల ఇంకా ఎన్ని మిగిలుంటాయో అంచనా కట్టే లెక్కలు 1970ల నుంచీ ఉన్నాయి, 1979లో గోయెల్, ఒకుమోటో అని ఇద్దరు ఇచ్చిన మోడల్ ఇప్పటికీ వాడతారు. కానీ వాటిలో ఒక మెలిక ఉంది. గ్రాఫ్‌లో అడ్డంగా వెయ్యాల్సింది క్యాలెండర్ రోజులు కాదు, సాఫ్ట్‌వేర్ నిజంగా నడిచిన టైమ్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ మూసా అనే ఆయన 1975 నుంచీ చెప్తూ వచ్చింది ఇదే. మరి మీ దగ్గర నలుగురు చేసే పని ఇద్దరి మీద పడింది. ఎప్పుడు లాగేశారో నువ్వు రాయలేదు గానీ నా పందెం ఆరో వారంలోనే అయ్యుంటుంది, 27 కాస్తా ఒక్కసారిగా 11కి పడింది చూడు అక్కడ. ఆ వరసలోనే దిగుతూ పోయినా ఈ తొమ్మిది రోజుల్లో కనీసం ఓ అయిదైనా కనపడాలి, ఒక్కటీ రాలేదంటే బగ్స్ అయిపోయాయనే ఎందుకనుకోవాలి, వెతికేవాళ్లు తగ్గారని కూడా అనుకోవచ్చు కదా. వల వేసేవాడు సెలవు పెడితే చెరువులో చేపలు లేనట్టు కాదు.

ఇంకోటి, ఆ తొమ్మిది రోజులూ ఏం రన్ చేశారు? ఉన్న ఇద్దరికీ కొత్త టెస్ట్ కేసులు రాసే తీరిక ఎక్కడిది, ముందు పనిచేసినవి పాడవలేదని చూసుకునే పాత టెస్టుల కట్ట, ఆ రిగ్రెషన్ సూట్‌నే తిప్పి తిప్పి కొట్టుంటారు. మీ గుంటూరు వైపు పత్తి వేసేవాళ్లనడుగు, ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే పురుగు చావదు, ఆ మందుకి లొంగనిదే మిగిలి పొలమంతా అదే పెరుగుతుంది. బోరిస్ బీజర్ అనే టెస్టింగ్ పెద్దాయన సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా ఈ పురుగుమందు పోలికే చెప్పాడు, ఆయన పత్తి చేలో దిగాడో లేదో నాకు తెలీదు గానీ మనకి మాత్రం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అవే కేసులతో తొమ్మిది రోజులు సున్నా వస్తే ఆ కేసులకి దొరికే బగ్స్ లేవని తెలిసింది, అంతే.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, అప్పటికి నాకు నీ అంత అనుభవం కూడా లేదు, ఒక బట్టల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేశాను. పన్నెండు రోజులు సున్నా. గర్వంగా సంతకం పెట్టేశా. ఆషాఢం సేల్ మొదలైంది, నాలుగో రోజు సాయంత్రం కౌంటర్లన్నీ కిటకిటలాడుతుంటే బిల్ నంబర్ 32,767 దాటింది, తర్వాతి బిల్లు మైనస్ నంబర్‌తో వచ్చింది, ఆ తర్వాత ఏ కౌంటర్లోనూ బిల్లు సేవ్ అవ్వట్లేదు. చీరలు చేతుల్లో పట్టుకుని జనం నిలబడ్డారు, ఓనర్ గారు కాగితం పుస్తకం తెప్పించి చేత్తో బిల్లులు రాయించారు. ప్లస్, మైనస్ రెండూ పెట్టే పదహారు బిట్ల గడిలో పట్టే పెద్ద సంఖ్య 32,767, అది ఏ ఫ్రెషర్‌కైనా తెలుసు. మరి నాకెందుకు దొరకలేదంటావా, మేము రోజూ పొద్దున్నే డేటాబేస్ శుభ్రంగా తుడిచి కొత్తగా మొదలుపెట్టేవాళ్లం. మా ల్యాబ్‌లో బిల్ నంబర్ ఎప్పుడూ నాలుగొందలు దాటలేదు. అలా పన్నెండు రోజులు కాదు, పన్నెండేళ్లు టెస్ట్ చేసినా ఆ బగ్ దొరికేది కాదు.

తర్వాత ఎప్పుడో ఏరియన్ 5 సంగతి చదివినప్పుడు కొంచెం ఊరట కలిగిందనే చెప్పాలి, తప్పే అనుకో అలా అనుకోవడం. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఆ కొత్త రాకెట్ లేచిన 40 సెకన్ల లోపే దారి తప్పి పేలిపోయింది. కారణం చూస్తే అదే పదహారు బిట్ల గడి. అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన పెద్ద సంఖ్యని అందులో కుక్కబోయారు, పట్టలేదు. ఆ కోడ్ కొత్తది కూడా కాదు, ఏరియన్ 4లో ఎన్నో సార్లు ఎగిరింది, ఒక్కసారి కూడా తప్పలేదు. పాత రాకెట్ అంత వేగం అందుకోదు కాబట్టి తప్పలేదు. అంటే ఇన్నాళ్లు తప్పు రాలేదు అన్న మాట ఏ పరిస్థితుల్లో నడిపామో వాటికే సాక్ష్యం, పరిస్థితి మారితే ఆ సాక్ష్యం చెల్లదు.

సరే ఇప్పుడు ఫార్ములా. ఉంది, పెద్దదేం కాదు, మూడుని పెట్టి భాగించడమే. ఒక్కో స్లిప్ తప్పుగా రావడానికి 1,000లో 1 అవకాశం ఉందనుకో. అప్పుడు వరసగా 3,000 స్లిప్పులు ఒక్క తప్పు లేకుండా రావాలంటే 0.999ని 3,000 సార్లు గుణించాలి, క్యాలిక్యులేటర్ తీసి చూడు, దగ్గర దగ్గర 0.05 వస్తుంది, అంటే నూటికి అయిదు. కాబట్టి 3,000 స్లిప్పులు శుభ్రంగా వస్తే నూటికి తొంభై అయిదు నమ్మకంతో ఈ సాఫ్ట్‌వేర్ తప్పు 1,000కి 1 కంటే తక్కువే అనొచ్చు. 10,000కి 1 అని చెప్పాలంటే 30,000 శుభ్రమైన స్లిప్పులు కావాలి, లక్షకి 1 అంటే 3 లక్షలు. ఎంత నమ్మకం కావాలంటే దానికి మూడింతలు నడపాలి, దీనికి అడ్డదారి లేదు.

ఇప్పుడు మీ ల్యాబ్ లెక్క. మీ ఇద్దరూ కలిసి రోజుకి 150 స్లిప్పులు కొట్టారనుకున్నా తొమ్మిది రోజులకి 1,350. మూడుతో భాగిస్తే 450. అంటే మీరు గట్టిగా చెప్పగలిగింది 450కి 1 కంటే తక్కువ అని మాత్రమే. మరి 1,100 సెంటర్లు, పూటకి వంద మంది, రెండు పూటలు, రోజుకి 2 లక్షల 20 వేల స్లిప్పులు. దాన్ని 450తో భాగించు, దాదాపు 490. రోజుకి 490 తప్పుడు స్లిప్పులు కొట్టే సాఫ్ట్‌వేర్ అయినా మీ తొమ్మిది రోజుల పరీక్షని ఇలాగే సున్నాతో పాసైపోయే ఛాన్స్ నూటికి అయిదు ఉంది. మీది అంత చెడ్డదని నేను అనట్లేదు, బహుశా చాలా మంచిదే అయ్యుంటుంది, కానీ ఆ మంచితనం ఇంకా ఋజువవ్వలేదు. ఈ 490 అంకె మీ మేనేజర్ గారి ముందు పెట్టు, మిగతా ఉత్తరమంతా ఆయన చదవక్కర్లేదు.

అందుకే ముప్ఫై సెంటర్లు. ముప్ఫై సెంటర్లంటే రోజుకి 6,000 స్లిప్పులు, అయిదు రోజుల్లో 30,000. అవి శుభ్రంగా వస్తే 10,000కి 1 అన్న మాట చేతికొస్తుంది, అయినా మొత్తం అన్నిటికీ పంపితే రోజుకి 22 తప్పు స్లిప్పుల వరకు పడొచ్చన్నమాట. అది నాకైతే ఎక్కువే. అందుకని అక్కణ్ణించి 300 సెంటర్లకి వెళ్లు, రోజుకి 60,000, ఇంకో అయిదు రోజుల్లో 3 లక్షలు, లక్షకి 1 వరకు వచ్చేస్తావు, అంటే మొత్తం మీద రోజుకి రెండు. అప్పుడు 1,100. రెండు పని వారాలు, అంతే. ఇక రోజుకి రెండు తప్పు స్లిప్పులు పర్లేదా అన్నది నువ్వో నేనో మీ మేనేజరో తేల్చేది కాదు, రైతుకి డబ్బు కట్టే డెయిరీ వాళ్లు చెప్పాలి. ఫోన్ చేసి అడుగు. సున్నా ఉండాలి అంటారు, అందరూ ముందు అదే అంటారు, అప్పుడు ఇప్పుడున్న పాత వెర్షన్‌లో రోజుకి ఎన్ని కంప్లయింట్లు వస్తున్నాయో అడుగు, మాట కిందకి దిగుతుంది.

ఆ సున్నా మాట వచ్చింది కాబట్టి ఒకటి. విమానం నడిపే సాఫ్ట్‌వేర్‌లో ప్రాణాలు పోయే తప్పు గంటకి నూరు కోట్లలో ఒక వంతు కంటే తక్కువ ఉండాలని అడుగుతారు. దాన్ని పైన చెప్పినట్టు టెస్ట్ చేసి ఋజువు చెయ్యాలంటే నూరు కోట్ల గంటలు, అంటే ఒక్క మెషిన్ మీద లక్షా పద్నాలుగు వేల ఏళ్లు, దాన్ని మళ్లీ మూడింతలు చెయ్యి. అది అయ్యే పని కాదని 1990ల మొదట్లోనే నాసా వాళ్లు ఇద్దరు లెక్క కట్టి మరీ చూపించారు, అలాంటిచోట టెస్టింగ్ ఒక్కదాని మీద ఆధారపడరు, డిజైన్ దగ్గర్నుంచీ వేరే కట్టుదిట్టాలుంటాయి. మనది పాల స్లిప్, అదృష్టవంతులం, పది రోజుల్లో తేలే లెక్క.

కానీ ఈ లెక్కలో రెండు చోట్ల జారిపోతారు, ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

మొదటిది, తప్పు రాలేదు అనడానికీ తప్పు కనపడలేదు అనడానికీ తేడా. పోయినేటి నీ బగ్ మూడు వారాలు ఎందుకు దాక్కుంది? మెషిన్ ఆగలేదు, ఎర్రర్ రాలేదు, స్లిప్ చక్కగా వచ్చింది, అందులో అంకె మాత్రం పక్కవాడిది. ఇలాంటి తప్పు కేక పెట్టదు. పదిహేను రోజుల బిల్లు వచ్చాక ఏ రైతో తన గేదె పాలకి వెన్న 5.2 ఏంటి ఎప్పుడూ ఏడుకి తగ్గదే అని గొడవపడితే తప్ప బయటపడదు. కాబట్టి ముప్ఫై సెంటర్లలో ఆ అయిదు రోజులూ సెంటర్ నడిపే సెక్రటరీల చేత పాత పద్ధతిలో రిజిస్టర్ కూడా రాయించు. పాలు పరీక్షించే ఎనలైజర్ డిస్‌ప్లే మీద కనపడిన వెన్న, తూకం, చేత్తో. విసుక్కుంటారు, డెయిరీ సూపర్‌వైజర్ చేత చెప్పించు, అవసరమైతే ఆ అయిదు రోజులకి ఏదో కొంత ఇప్పించు. రోజూ సాయంత్రం రిజిస్టర్ ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని స్లిప్పులతో సరిచూడాలి, 6,000 ఎంట్రీలు మీ ఇద్దరి వల్ల కాదు, ఆ లాగేసిన ఇద్దర్నీ ఈ అయిదు రోజులకి వెనక్కి అడుగు, ఇదే సరైన సందు. 300 సెంటర్లకి వెళ్లినప్పుడు రిజిస్టర్ కుదరదు కాబట్టి సర్వర్ దగ్గర ప్రతి స్లిప్‌కీ వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటర్లు తీసుకుని రేటు మళ్లీ కట్టి పోల్చే స్క్రిప్ట్ ఒకటి రాయించు, మెషిన్ కోడ్ రాసిన అబ్బాయి చేత మాత్రం రాయించకు, ఒకే బుర్రలోంచి వచ్చిన తప్పు రెండు చోట్లా ఒకేలా ఉండి చక్కగా సరిపోతుంది. ఆ స్క్రిప్ట్ రేటు తప్పులే పడుతుంది, ఒకరి వెన్న ఇంకొకరికి పడితే అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి దానికి దొరకదు, అందుకని ఒకే సెంటర్లో వెంటవెంటనే పడిన రెండు స్లిప్పుల్లో వెన్నా ఎస్‌ఎన్‌ఎఫూ రెండూ అచ్చం ఒకటే అయితే జెండా ఎత్తమని ఇంకో లైను రాయించు. కొన్నిసార్లు నిజంగానే ఒకటవుతాయి, పర్లేదు, ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

రెండోది, ఏ ముప్ఫై సెంటర్లు? ఆఫీసుకి దగ్గరగా ఉన్నవీ సెక్రటరీ చదువుకున్నవీ ఏరుకుంటే ఆ 30,000కి విలువ లేదు. నువ్వెప్పుడైనా పొద్దున ఆరింటికి సెంటర్ దగ్గర నిలబడి చూశావా? చూడకపోతే రేపే వెళ్లు. క్యాన్లతో లైను, అందరికీ తొందరే, ఒకరి శాంపిల్ ఇంకా ఎనలైజర్‌లో తిరుగుతుండగానే పక్కవాడి పాలు తూకం మీదకెక్కేస్తాయి, సెక్రటరీ తడి చేత్తో బటన్ రెండుసార్లు నొక్కుతాడు, మధ్యలో కరెంట్ పోతుంది, యూపీఎస్ ఏడాది కిందే చచ్చిపోయింది, స్లిప్ సగం వచ్చి ఆగుతుంది, కరెంట్ వచ్చాక మళ్లీ కొడితే పాత ఎంట్రీ ఉందా పోయిందా ఎవరికీ తెలీదు. పోయినేటి బగ్ కూడా ఈ తొందరలోంచే పుట్టిందని నా అనుమానం, రెండో రైతు తూకం ముందొచ్చి ఎనలైజర్ జవాబు వెనకొస్తే ప్రోగ్రామ్ తన చేతిలో ఉన్న పాత అంకెనే వాడేసుంటుంది. ల్యాబ్‌లో మీరు ఒక్కో శాంపిల్ పూర్తయ్యాక, టీ తాగి, తర్వాతది పెడతారు. అక్కడ ఆ బగ్‌కి పుట్టే సందే లేదు. మూసానే ఈ విషయం మీద కూడా పట్టుబట్టాడు, ఫీల్డ్‌లో ఏ పని నూటికి ఎన్నిసార్లు జరుగుతుందో అదే పాళ్లలో టెస్ట్ చెయ్యాలని, లేకపోతే వచ్చే అంకె నమ్మకాన్ని చెప్పేది కాదని. కాబట్టి ముప్ఫైలో గేదె పాలవి, ఆవు పాలవి, రెండూ కలిసినవి, పాత ఎనలైజర్ మోడల్ ఉన్నవి, సిగ్నల్ లేనివి, కరెంట్ సరిగ్గా ఉండనివి, పూటకి రెండొందల మంది వచ్చేవి, పాతిక మందే వచ్చేవి, అన్నీ పడాలి. సూపర్‌వైజర్‌ని అడిగితే ఎక్కువ గొడవలుండే సెంటర్లు ఏవో వేళ్ల మీద చెప్తాడు, వాటిని ముందు రాసుకో.

కరెంట్ మాట వచ్చింది కాబట్టి దానికి ఉల్టా కూడా ఉంది, అసలు ఆగకుండా నడవడం. మీ ల్యాబ్‌లో మెషిన్ సాయంత్రం ఆఫ్ చేసి ఇంటికి వెళ్తారు కదా. మంచి యూపీఎస్ ఉన్న సెంటర్లో అది నెలల తరబడి ఆన్‌లోనే ఉంటుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా వాళ్ల పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ మీదకొస్తున్న ఇరాక్ క్షిపణి స్కడ్‌ని పట్టలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. అది అప్పటికి దాదాపు వంద గంటలుగా ఆపకుండా నడుస్తోంది, సెకనులో పదో వంతుని సున్నా ఒకట్ల బైనరీలో రాసేటప్పుడు మిగిలిపోయే ఆవగింజంత తేడా అన్ని గంటలూ పోగై మూడో వంతు సెకను అయ్యింది, స్కడ్ వేగానికి అది అర కిలోమీటరు కంటే ఎక్కువ. ఎనిమిది గంటలు నడిపితేనే గురి జరుగుతోందని ఇజ్రాయెల్ వాళ్లు రెండు వారాల ముందే చెప్పారు, సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కి చేరింది 26న. నీ దగ్గర పాలే పోతాయి గానీ పద్ధతి ఒకటే, ఇవాళే ల్యాబ్‌లో ఒక మెషిన్ ఆన్ చేసి పెట్టి సైన్-ఆఫ్ అయ్యేదాకా ఆపకు, స్వీపర్‌కి కూడా చెప్పు ప్లగ్ పీకొద్దని. ఇది నవ్వులాట కాదు, నా దగ్గర పీకారు.

శుక్రవారం మార్పు గురించి చెప్పాల్సింది తక్కువ. రేట్ చార్ట్ అంటే డబ్బు. అది మారిన రోజు నుంచి నీ సున్నాల లెక్క మళ్లీ మొదలు, తొమ్మిది కాదు, శుక్రవారం తర్వాతవే నీవి. ముప్ఫై సెంటర్లలో ముందుగా నడిపి చూసే ఈ పైలట్‌లోనూ ఇదే రూల్, మధ్యలో ఏ చిన్న మార్పు లోపలికెళ్లినా 30,000 మళ్లీ ఒకటి నుంచి. ఇది సోమవారం లోపే కాగితం మీద రాసి మేనేజర్ గారి చేతా డెయిరీ వాళ్ల చేతా సరే అనిపించుకో, మొదలయ్యాక కాదు. ఎందుకంటే నాలుగో రోజు 23,000 స్లిప్పుల దగ్గర ఒక తప్పు దొరికినప్పుడు ఆఫీసులో అందరికీ ఒకేసారి జ్ఞానోదయం అవుతుంది, ఇది నిజంగా బగ్ కాదు, ఆ సెంటర్ వైరింగ్ ప్రాబ్లమ్, దీన్ని లెక్కలోంచి తీసేద్దాం అంటారు. ఒక్కోసారి నిజంగానే వైరింగ్ అవుతుంది కూడా. అందుకే ఏది తప్పు కిందకొస్తుందో ముందే రాసుకోవాలి. నేనైతే రెండు రకాలుగా విడగొడతాను. స్లిప్ మీద డబ్బు, వెన్న, లీటర్లు, రైతు నంబర్, వీటిలో ఏది తప్పైనా, ఎంట్రీ పోయినా, రెండుసార్లు పడినా మొదటి రకం, ఒక్కటి వచ్చినా ఆపి సరిచేసి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడమే. ప్రింటర్ ఇరుక్కోవడం, స్క్రీన్ మీద అక్షరాలు తేడాగా రావడం, రిపోర్ట్ లేటుగా రావడం రెండో రకం, రాసిపెట్టుకుని ముందుకెళ్లిపో.

రెండో రకాన్ని వదిలేయడానికి మనసొప్పదు నీకు, తెలుసు, టెస్టర్ బుద్ధి. 1984లో ఐబీఎంలో ఎడ్వర్డ్ ఆడమ్స్ అనే ఆయన వాళ్ల పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లలో బగ్స్ ఒక్కొక్కటీ ఎంత కాలానికి ఒకసారి బయటపడతాయో లెక్కేస్తే, వాటిలో మూడో వంతు ఎంత అరుదైనవంటే ఒక్క మెషిన్ మీద సగటున 5,000 ఏళ్లకి ఒకసారి కనపడతాయి. జనాన్ని నిజంగా ఏడిపించేవి గుప్పెడు మాత్రమే. 312 దొరికాయి అన్న అంకె నీకు గర్వంగా ఉండొచ్చు, ఉండాలి కూడా, కానీ అందులో ఎన్ని గుప్పెట్లోవి, ఎన్ని అయిదు వేల ఏళ్లవి అన్నది ఆ అంకె చెప్పదు. ఈ శనాదివారాలు ఖాళీ ఉంటే ఆ 312నీ తీసి రైతు డబ్బు ముట్టుకున్నవి ఎన్నో విడిగా వారం వారం లెక్కేసి చూడు. అవి కూడా ఆరో వారానికి దిగి ఉంటే నీకు సగం ధైర్యం వస్తుంది. చివరి రెండు వారాల్లో దొరికినవి ఎక్కువగా అవే అయితే మాత్రం పైలట్‌కి కూడా పంపకు, ముందు ఆ కోడ్ దగ్గర కూర్చోండి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, రెండ్రోజుల్లో అయిపోతుంది. నువ్వూ ఆ అబ్బాయీ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, పాత కేసులు ముట్టుకోకుండా ఎవరికి వాళ్లు మీ ఇష్టమొచ్చినట్టు మెషిన్‌ని చెడగొట్టడానికి చూడండి. చెరువులో చేపలెన్నో తెలుసుకోవడానికి కొన్నిటికి గుర్తు పెట్టి వదిలి మళ్లీ వల వేస్తారే, అదే లెక్క. నీకు 8 దొరికాయి, అతనికి 6, వాటిలో రెండు లిస్టుల్లోనూ ఉన్నవి 4 అనుకో. ఎనిమిదిని ఆరుతో గుణించి నాలుగుతో భాగిస్తే 12, మీరిద్దరూ కలిపి చూసింది 10, ఇంకో రెండు ఎక్కడో ఉన్నట్టు. సులువుగా దొరికేవి ఇద్దరికీ దొరుకుతాయి కాబట్టి అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే ఉంటుంది, తక్కువ కాదు. ఇద్దరికీ దొరికినవి ఒక్కటి కూడా కలవకపోతే మాత్రం మేనేజర్ గారికి ఇంకేం చెప్పక్కర్లేదు, ఆ రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి చూపించు.

సంతకం సంగతి. సైన్-ఆఫ్ మెయిల్‌లో బగ్స్ లేవు అని జన్మలో రాయకు, టెస్టింగ్ పూర్తయింది అని కూడా రాయకు. ఏ బిల్డ్, ఎన్ని సెంటర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ, ఎన్ని స్లిప్పులు, మొదటి రకం తప్పులు ఎన్ని, దాన్నిబట్టి ఎంతకి 1 అని చెప్పగలం, ఏవి చూడలేదు, ఇదే రాయి. చలికాలంలో పాలు పెరిగి ఒక్కో సెంటర్‌కి పూటకి నూట యాభై మంది వస్తే ఎలా ఉంటుందో చూడలేదు అంటే ఆ మాట కూడా రాయి. ఆ మెయిల్ చదివి పంపాలా వద్దా తేల్చేది మేనేజర్ గారు, అది ఆయన పని, ఆయన జీతం అందుకే. నీ పని ఆయన చీకట్లో తేల్చకుండా చూడ్డం. పోయినేడు నీ మీద పడిన మాటకి కారణం కూడా ఇదే అనిపిస్తోంది నాకు, టెస్ట్ చేశాం, ఓకే, అని రెండు ముక్కల్లో సంతకం పెట్టుంటావు, ఆ ఓకే ఎంతవరకో ఎవరికీ తెలీదు, తప్పు బయటపడగానే మొత్తం నీ నెత్తికెక్కింది.

ఇంకొక్కటి అడగాలి, దీని జవాబుని బట్టి నేను పైన చెప్పిన అంకెలు అటూ ఇటూ జరుగుతాయి. కొత్త వెర్షన్ బాగాలేకపోతే పాతది వెనక్కి పెట్టడం ఎంతసేపు పని? ఆఫీసులో కూర్చుని ఒక బటన్ నొక్కితే రాత్రికి రాత్రి వెనక్కి వెళ్తుందంటే ముప్ఫై నుంచి మూడొందలకి అయిదు రోజులకే ధైర్యంగా వెళ్లొచ్చు. అలా కాదు, మెమరీ కార్డు పట్టుకుని టెక్నీషియన్ బండి మీద ఊరూరా తిరగాలి అంటే 300 దగ్గర ఇంకో పదిహేను రోజులు, అంటే ఒక బిల్లు రైతు చేతికొచ్చి గొడవ లేకుండా డబ్బు పడేదాకా ఆగు. వెనక్కి వెళ్లే దారి కూడా ముప్ఫైలో ఒక సెంటర్లో నిజంగా చేసి చూడు, స్లిప్పులు పడుతున్న మధ్యలో, ఆ పూట ఎంట్రీలు పోకుండా వస్తాయో లేదో. ఇది ఎవరూ టెస్ట్ చెయ్యరు, అవసరమైన రోజే మొదటిసారి చేస్తారు.

మరి ఇదంతా అయ్యి, 30,000 శుభ్రంగా వచ్చి, 3 లక్షలూ శుభ్రంగా వచ్చి, అయినా నీకు కడుపులో గుబులు పోకపోతే? అప్పుడు ఆపేయి. గుబులు అంకెల్ని బట్టి పోదు, పోయినేటి మాట వల్ల వచ్చింది అది, దానికోసం ఇంకో నెల టెస్ట్ చేస్తే పాత వెర్షన్‌లో ఉన్న తప్పులు అదే నెలంతా రైతులకి తగుల్తూనే ఉంటాయి, అవి నీ సంతకం కింద లేవు కాబట్టి నీకు కనపడవు అంతే.

సోమవారం బండి బయల్దేరేటప్పుడు ప్రతి సెంటర్‌కీ రెండు పేపర్ రోల్స్ ఎక్కువ పెట్టించు, రిజిస్టర్ పుస్తకం ఒకటి, పెన్నులు రెండు. పైలట్ మూడో రోజు రోల్ అయిపోయి ఆ పూట స్లిప్పులు లేకుండా పోతే నీ లెక్కలో 100 తగ్గుతాయి, పైగా ఆ పూట ఏం జరిగిందో అడిగితే సెక్రటరీ చెప్పేది మెషిన్ పాడైందనే.